అక్క చూసిన నత్తపిల్లలు

మా ఇంటి గాజుతొట్టిలో రెండు వందల నత్తపిల్లలు పుట్టాయని మదనపల్లెలో ఇరవైమందికి చెప్పాను. పుట్టినవి పదకొండు. ఇరవైమంది అన్నది కూడా ఎక్కువే. పాలు పోసే ఆమె, ఇస్త్రీ బండి ఆయన, చర్చి మెట్ల మీద కలిసిన ఒక రిటైర్డ్ టీచరు, ముగ్గురంటే ముగ్గురు. నాకు డెబ్బై నాలుగేళ్ళు. పెంచి చెప్పనిదే నా నోట్లోంచి మాట రాదు. చెప్పి, రెండు మూడు రోజులు ఆ గొప్ప అనుభవించి, ఆ తర్వాత నేనే పోయి "అంత లేదులే" అని ఒప్పుకుంటాను. ఒప్పుకున్న రోజు అన్నం బాగా దిగుతుంది.

ఇంట్లో ఉండేది ఇద్దరం, నేనూ మా అక్కా. అక్క నాకంటే ఐదేళ్ళు పెద్దది. మిషన్ ఆసుపత్రిలో కాన్పుల వార్డు నర్సుగా ముప్పై ఆరేళ్ళు చేసింది. పెళ్ళి చేసుకోలేదు. నేను చేసుకున్నాను, పిల్లలు కలగలేదు. నా భార్య పోయిన నెలకే అక్క తన ట్రంకుపెట్టె, గాజుతొట్టి ఆటోలో వేసుకుని నా దగ్గరికి వచ్చేసింది. "నీకు వండిపెట్టేదానికి రాలేదురా. నీ కోతలు ఇనేవాళ్ళు ల్యాకపోతే పిచ్చెక్కి పోతావని వచ్చినా" అంది.

నేనూ అదే ఆసుపత్రిలో పనిచేశాను. ల్యాబులో, అని చెప్పుకుంటాను. అబద్ధం కాదు. కఫం పరీక్ష చేసిన గాజుపలకలు కడిగి ఆరబెట్టే పని నాది. మైక్రోస్కోపులోకి తొంగి చూసింది నాలుగైదు సార్లు, అదీ డాక్టరు భోజనానికి పోయినప్పుడు.

గాజుతొట్టి అక్క రిటైరైన రోజు వార్డువాళ్ళు ఇచ్చింది. రెండు మూరల పొడవు ఉంటుంది. ముందు దాంట్లో ఎర్రచేపలు ఉండేవి. అవి పోయి, వేరేవి వచ్చి, అవీ పోయి, చివరికి ముసలివైపోయిన రెండు గప్పీ చేపలు మిగిలాయి. అప్పటికే అక్క కుడికన్ను పూర్తిగా పోయింది. నీటికాసులు, కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు. ఎడమకంట్లో చూపు చుట్టూరా కరిగిపోతూ వచ్చి నడుమన మాత్రం కాస్త మిగిలింది. ఉంగరంలోంచి చూసినట్టు ఉంటుందని చెప్పేది. అందులోనూ పొర కమ్మి మసక. చేపలు ఆ ఉంగరంలోకి వచ్చినట్టే వచ్చి తోకతో సహా మాయమయ్యేవి. "తొట్లో ఏదన్నా పచ్చంగా, కదలకుండా ఉండేది ఉంటే బాగుంటుందిరా" అంది ఒకరోజు.

పుంగనూరులో దూరపు చుట్టం ఒకాయన చనిపోతే పోయాను. మట్టి చేసి తిరిగి వస్తూ బస్టాండు పక్క సందులో రంగుచేపల అంగడి చూసి, నీళ్ళలో పెరిగే మొక్క ఒకటి తీసుకున్నాను. అంగడాయన తడి పేపర్లో చుట్టి ఇచ్చాడు. గుమ్మంలోనే అక్క చేతికి తగిలిందది.

"ఏందిరా ఇది?"

"మొక్క."

"సావుకు పోయి మొక్క తెచ్చిన మొగోడివి నువ్వొక్కడివే. నీళ్ళు పోసుకోని లోపలికి రా."

మొక్కను ఊరికే ఒకసారి కొళాయి కింద పట్టి తొట్టిలో నాటాను. ఆకుల అడుగున ఏముందో తిప్పి చూడలేదు. చూసి ఉంటే గంజిచుక్కలాంటి జిగురు, అందులో గసగసాలంత చుక్కలు కనిపించేవి.

మూడు వారాల తర్వాత పొద్దుటి ఎండ తొట్టి మీద పడుతున్నప్పుడు గాజుకు మురికి అంటిందనుకుని గుడ్డతో తుడవబోయాను. మురికి బయట లేదు, లోపల ఉంది. నేను చూస్తుండగానే ఒక చుక్క అర అంగుళం పక్కకు జరిగింది.

ల్యాబు మనిషిని కదా. భూతద్దం తీశాను. గవ్వ కాదు, పురుగు కాదు, నత్త. మొన పైకి, నోరు మనవైపు ఉండేలా చూస్తే నోరు ఎడమపక్కకు తెరుచుకుని ఉంది. మీసాలు దారప్పోగుల్లా సన్నగా ఉన్నాయి. నోరు కుడిపక్కకు ఉండి మీసాలు వెడల్పుగా ఉంటే అది చెరువునత్త జాతి. చక్రంలా చుట్టుకుని ఉంటే ఇంకొకటి. ఎడమ నోటిది చిన్నది, గోరంత కూడా ఎదగదు, పాచి తిని బతుకుతుంది, చేపలకు ఏ హానీ లేదు. ఇదంతా చూసిన క్షణంలో కనిపెట్టానని పాలామెతో అన్నాను. క్షణంలో కాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా సెల్‌ఫోన్‌లో వీడియోలు చూసి కనిపెట్టాను. అందులో ఒకటి ఏ భాషో కూడా తెలియదు.

"అక్కా! తొట్లో నత్తలు పుట్టుండాయి. రెండు నూర్లుండాయి!"

"నువ్వు సెప్పినదాంట్లో ఎన్ని కోసెయ్యల్ల?"

"సరే, నూరు."

"రేయ్."

"యాభై."

"కాన్పులు సేసినదాన్నిరా నేను. లెక్కబెట్టి సెప్పు. పక్కన కూర్చోని నేనూ ఏళ్ళు మడస్తా."

ఒక్కొక్కటే గాజు మీద వేలు పెట్టి చూపిస్తూ లెక్కబెట్టాను. అక్క వేళ్ళు మడిచింది. పది వేళ్ళూ అయిపోయాక ఒకటి మిగిలింది.

"పదకొండు. తల్లి యాడుండాది?"

"తల్లి ల్యాదు. ఆకు కింద గుడ్లు పెట్టేసి ఆడనే పుంగనూర్లో ఉండిపొయినట్టుండాది."

"అయితే పుట్టింది ఈడనే కదా?"

"ఈడనే."

"మనింట్లోనే."

"మనింట్లోనే అక్కా."

అక్క మడిచిన వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. "ఎంతమందికి బొడ్డు కోసినానో నాకే తెలీదు. మనింట్లో పుట్టింది మాత్రం ఇవే మొదులు" అంది. నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు. అందుకని వెంటనే ఇంకొక గొప్ప ఎత్తుకున్నాను. పూజలో పెట్టే శంఖాల్లో లక్షకొకటి దొరికే వలంపురి ఉంటుందే, అది కూడా ఇట్లాగే తిరిగి ఉంటుందనీ, మన తొట్టిలో పదకొండు వలంపురులు ఉన్నాయనీ చెప్పాను.

"మనం చర్చికి పొయ్యేవాళ్ళం. శంఖాలతో మనకేం పనిరా? పోయి కోడిగుడ్డు పెంకులు ఎండబెట్టు."

ఆ మాట ఆమెకు ఎట్లా తోచిందో తెలియదు. పుట్టిన పిల్లకు ఎముక గట్టిపడాలి, ఈ పిల్లలకు ఎముక బయట ఉంది, అంతే తేడా అంది. గుడ్డు పెంకులు ఉడికించి, ఎండబెట్టి, రోట్లో మెత్తగా నూరి చిటికెడు వేశాను. బీరకాయ చక్రం ఒకటి ఉడకబెట్టి దారానికి కట్టి దించాను. సాయంత్రానికి దాని మీద ఐదు చుక్కలు వాలి ఉన్నాయి. మిగిలిన ముక్క తెల్లారేసరికి తీసెయ్యాలి, లేకపోతే నీళ్ళు కంపు కొడతాయి. నత్తలు ఎక్కి బయటికి రాకుండా తొట్టి మీద దోమతెర గుడ్డ కట్టాను. అక్క ఆ తొట్టిని వార్డు అనేది. పొద్దున కాఫీ తాగగానే "వార్డు ఎట్లుండాది?" అని అడిగేది. "పదకొండు బెడ్లూ నిండుండాయి, అందరూ కులాసా" అనేవాణ్ణి. ఏదైనా ఆకు చాటుకు పోయి పది మాత్రమే కనిపిస్తే ఆ పదకొండోది దొరికేదాకా నన్ను లేవనిచ్చేది కాదు.

ఒకటే బాధ. ఆమెకు అవి కనిపించేవి కావు. భూతద్దం పెట్టి గాజుకు ముక్కు ఆనించి చూసేది. "ఏదో మరక మాదిరి కదలతాండాది" అనేది. ఒకరోజు భూతద్దం దించి నా వైపు తిరిగింది.

"నీ మొకం మొత్తం పట్టదురా ఈ కంటికి. ముక్కు కనపడితే చెవులు ఉండవు. నేను నీ మొకం ముక్కలు ముక్కలుగా సూసి యాడాది పైన అయింది. ఈ నత్తపిల్ల అయితే మొత్తం పడతాది. కాలూ తలకాయా అన్నీ ఒకేసారి. పొర ఒక్కటి ల్యాకపోతే పడతాది."

"మిరియం గింజంత కానీ. అప్పుడు పొర ఉన్నా కనపడతాది" అన్నాను.

"అంతదాకా ఈ కన్ను ఉండల్ల కదా."

ఇంటికి వచ్చి ఏళ్ళయినా అక్క నన్ను ఏదీ కోరలేదు. ఆ మాట తర్వాత నేనే కుప్పం ప్రయాణం పెట్టాను. అక్కడి పెద్దాసుపత్రిలో కంటి డాక్టరు ఉన్నాడని, అక్క చేతికింద పని నేర్చుకున్న నర్సు ఒకామె రిటైరై ఆ ఊళ్ళోనే ఉందని తెలుసు. మదనపల్లెలో బస్సెక్కి పుంగనూరు, పలమనేరు దాటి కుప్పం చేరేసరికి మధ్యాహ్నమైంది. దారి పొడుగునా అక్క కిటికీ పక్కనే కూర్చుంది గాని బయటికి చూడలేదు.

డాక్టరు చిన్నవాడు, నెమ్మదిగా మాట్లాడాడు. "పోయిన చూపు తేలేనమ్మా. ఉన్నదాన్ని కొంతకాలం ఆపగలనేమో. పొర కూడా తీస్తాం కాబట్టి ఉన్నంత మేరకు తేటగా కనిపిస్తుంది. ఎన్నాళ్ళు అంటే మాత్రం చెప్పలేను."

"ఎన్నాళ్ళని అడగనులే అప్పా" అంది అక్క. "మా ఇంట్లో నత్తలు పుట్టుండాయి. వాటిని సూసేదాకా ఉంటే సాలు."

డాక్టరు నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను.

ఆపరేషన్ అయిన మర్నాడే నేను మదనపల్లెకు తిరిగి వచ్చేశాను. నత్తలకు తిండి పెట్టేవాళ్ళు లేరని చెప్పాను. "పో, పో, వార్డు ఖాళీగా ఇడిసిపెట్టకూడదు" అని అక్క కూడా అంది. పదిరోజులు ఆ శిష్యురాలి ఇంట్లోనే ఉంటానంది. నేను వచ్చింది నత్తల కోసం కాదు. కంటి మీద గుడ్డకట్టుతో మంచం మీద ఆమెను చూడలేకపోయాను. నా భార్య చివరి రోజుల్లో కూడా నేను ఇట్లాగే ఏదో ఒక పని పెట్టుకుని బయట తిరిగాను. అక్కకు ఆ సంగతి తెలుసు. ఎప్పుడూ అనలేదు.

ఇంటికి వచ్చి చూస్తే ఎండలకు తొట్టిలో నీళ్ళు నాలుగు వేళ్ళు కిందికి దిగి ఉన్నాయి. పోయాలి. కొళాయి నీళ్ళు బ్లీచింగు వాసన. బోరు నీళ్ళు ఉప్పన. ఏవి పోయాలా అని వంటింట్లోకి పోతే గట్టు మీద రాగిబిందె కనిపించింది. రాత్రి నింపి పొద్దున తాగితే ఒంటికి మంచిదని అక్క పట్టుబట్టి నాతో తాగించే నీళ్ళు. మనుషులకే అంత మంచివైతే పసిపిల్లలకు ఇంకెంత మంచివి! ఉత్తగా పోయడమెందుకని చింతపండు, ఉప్పు వేసి బిందెను ఎర్రగా మెరిసేదాకా తోమాను. అక్క కూడా అంత బాగా తోమదు. రాత్రి నింపి, పొద్దున సగం బిందె తొట్టిలో పోశాను. అట్లా మూడు రోజులు. మూడు రోజులూ నేను మాత్రం ఆ బిందెలో నీళ్ళు తాగలేదు. అన్నీ వాటికే.

రెండో రోజే నత్తలు నీళ్ళలోంచి పైకి వచ్చి గాజు అంచుకు అతుక్కున్నాయి. పదకొండూ వరుసగా. నాకు భలే సంతోషమైంది. కుప్పానికి ఫోను చేశాను.

"అక్కా, ఎంత హుషారుగా ఉండాయో తెలుసునా? పైకెక్కి నీకోసరం సూస్తాండాయి."

"పైకెక్కినాయా? యాల ఎక్కినాయి?"

"బలం వచ్చింది. నా సేతి చలవ."

"ఏమో. మా వార్డులో పిల్లోళ్ళు హుషారుగా ఉంటే పాలు తాగేవాళ్ళు. అవి తింటాండాయా లేదా, అది సూడు."

బీరకాయ ముక్క వైపు చూశాను. దాని మీద ఒక్కటీ లేదు. "తింటాండాయి" అన్నాను.

నాలుగో రోజు పొద్దున గాజు అంచున ఒక్కటీ లేదు. అడుగున ఇసుక మీద పడి ఉన్నాయి. కొన్ని నోరు మూసుకుని, కొన్ని సగం బయటికి వేలాడుతూ. చెంచాతో ఒకదాన్ని తీసి అరచేతిలో పెట్టుకుంటే కదల్లేదు. గప్పీలు రెండూ ఏమీ కానట్టు తిరుగుతున్నాయి. సాయంత్రం దాకా ఎదురుచూశాను. ల్యాబు మనిషి చేసిన పరీక్ష అదొక్కటే, ఊరికే కూర్చుని ఎదురుచూడటం.

మర్నాడు పుంగనూరు పోయాను. అంగడాయన నా కథంతా విన్నాడు.

"మందేమన్నా పోసినావా పెద్దాయనా? పురుగుమందు, చేపలమందు?"

"లేదప్పా. మంచినీళ్ళే. మేము తాగేవే. రాగిబిందెలోవి."

ఆయన నవ్వబోయి ఆగాడు. "అయ్యో. మాకు టమోటా తోట ఉండాది. మైలుతుత్తం కొట్టిన సాళ్ళల్లో నత్త అనేది కనపడదు. తుత్తం అంటే ఏంది? రాగే కదప్పా. రాగి పొడ కూడా తగలకూడదు నత్తలకి. బిందె పాతదా?"

"చింతపండేసి తోమినా."

"తోమి మరీ పోసినావా! పైపొర పోతే రాగి నీళ్ళల్లోకి ఇంకా ఎక్కువ దిగతాది."

పైకెక్కింది హుషారుతో కాదనీ, నీళ్ళు మండుతుంటే తప్పించుకోవడానికనీ ఆయన చెప్పలేదు. నాకే అర్థమైంది. చేసిన ఫోను గుర్తొచ్చి అంగడి ముందు బల్ల మీద కూర్చున్నాను.

ఆయన మొక్కలు పెట్టే సిమెంటు తొట్టి వెనకపక్క ఉంది. అందులో అదే జాతి నత్తలు వందలు. ఇది నేను పెంచి చెప్పడం లేదు, వందలే. "నత్తల్ని అడిగి తీసుకోనిపొయ్యేవోడు నువ్వొక్కడివే. అందరూ సంపేదానికి మందు అడగతారు" అన్నాడు. ముందు ఇంట్లో తొట్టి నీళ్ళు నాలుగు రోజులు మార్చి మార్చి కడగమనీ, ప్లాస్టిక్ బకెట్లో ఒక రోజు నిలవ ఉంచిన నీళ్ళు పోయమనీ, ఆ తర్వాతే వాటిని వదలమనీ చెప్పాడు. మావి బతికి ఉంటే అక్క వచ్చేనాటికి ఎంత పెరిగేవో మనసులో అంచనా వేసుకున్నాను. మిరియం గింజంతవి ఏరాను. పది కాదు, పన్నెండు కాదు, పదకొండు.

చచ్చినవాటిని కాగితంలో పొట్లం కట్టి పెరట్లో కరివేపాకు చెట్టు కింద పూడ్చాను.

పదోరోజు శిష్యురాలు అక్కను కారులో తీసుకొచ్చి దించి, కాఫీ తాగి వెళ్ళిపోయింది. అక్క చెప్పులు విడవకముందే "వార్డు?" అంది.

"పదకొండు" అన్నాను. అబద్ధం కాదు.

మర్నాడు ఎనిమిది గంటలకు తొట్టి మీదికి ఎండ వచ్చింది. అక్క ముక్కాలిపీట మీద కూర్చుని ఎడమకన్ను గాజుకు దగ్గరగా పెట్టింది. తల కొద్దికొద్దిగా పక్కకు జరుపుతూ వెతికింది. నేను వేలుతో చూపించబోతే చెయ్యి తోసేసింది. చాలాసేపు అయింది. ఉన్నట్టుండి తల నిలిచిపోయింది.

"పడింది" అంది. గొంతు వార్డులో నిద్రపోయే బిడ్డ పక్కన మాట్లాడినట్టు తగ్గింది. "మొత్తం పడిందిరా. మీసాలు రెండు. పాదం. ఈపున పెంకు. పెంకు మీద బంగారు చుక్కలు... రేయ్."

"ఏమక్కా?"

"గుండె. పెంకులోంచి కనపడతాంది. కొట్టుకుంటాండాది."

నాకు తెలియదు, వాటి పెంకు అంత పలచన అని. వంగి చూశాను. నిజమే, లోపల సన్నగా ఏదో అదురుతోంది. అక్క ఎడమచేతి వేలు మోకాలి మీద పెట్టి ఆ గుండెతో పాటు తట్టడం మొదలుపెట్టింది, కడుపులో బిడ్డ గుండె విన్నప్పుడు తట్టినట్టు. "బాగుండాది" అంది చివరికి. "బలంగా ఉండాది. మనింటి బిడ్డ."

ఐదు వారాలు అట్లా గడిచాయి. పొద్దున గంట, సాయంత్రం అరగంట. నన్ను లెక్క అడగడం మానేసింది, తనే లెక్కబెట్టుకునేది. ఆమె అంత సంతోషంగా ఉండటం నేను చిన్నప్పుడు చూశానేమో. ఎదురుగా కూర్చోలేక నేను పెరట్లోకి పోయేవాణ్ణి. చెప్పకపోతే ఏం పోయింది, ఎవరికీ నష్టం లేదు అని నాకు నేనే నచ్చజెప్పుకునేవాణ్ణి. అన్నం మాత్రం దిగేది కాదు.

ఆ తర్వాతి ఆదివారం చర్చిలో సాక్ష్యాల సమయంలో అక్క లేచి నిలబడింది. ఎప్పుడూ లేవని మనిషి. "నా ఇంట్లో పుట్టినవాటిని నా కంటితో సూసేదాకా దేవుడు నాకు చూపు నిలబెట్టినాడు" అని రెండు ముక్కలు చెప్పి కూర్చుంది. ఆడవాళ్ళ వైపు నుంచి స్తోత్రం అని గట్టిగా వినిపించింది. నేను మొగవాళ్ళ వైపు చివరి బెంచీలో ఉన్నాను. పుంగనూరు సిమెంటు తొట్టిలోంచి నేను ఏరుకొచ్చినవాటికి దేవుడికి స్తోత్రం.

ఇంటికి వచ్చి, ఆమె చర్చి చీర కూడా మార్చుకోకముందే చెప్పేశాను. రాగిబిందె, చింతపండు, ఫోను, కరివేపాకు చెట్టు, అంగడి, అన్నీ. చెబుతుంటే గుండె మీది బండ దొర్లిపోయినట్టు తేలికపడుతూ వచ్చింది. ఆమె మంచం అంచున కూర్చుని విన్నది.

"అయిపాయెనా?"

"అయిపాయె."

"యాల సెప్పినావు?"

"మనసులో పెట్టుకోని ఉండలేకపోయినా అక్కా."

"ఎవురి మనసులో?"

నేను ఆమె చర్చి చెప్పులు తీసి గోడ పక్కన పెట్టాను.

"సచ్చినరోజే సెప్పింటే ఏడ్సింటాను. ఎంతమంది పిల్లోళ్ళు పోయినారో నా సేతుల్లో, ఏడ్సేది తెలుసు నాకు. సచ్చేదాకా సెప్పకుండా ఉన్నింటే నవ్వుకుంటా పోయింటాను. నువ్వు రెండిట్లో ఏదీ సెయ్యలేదు. నేను సూసుకున్యాక సెప్పినావు. ఈ కంట్లో మిగిలింది అదొక్కటేరా. దాన్ని పెరికి నీ మనసు తేలిక సేసుకున్యావు."

"తప్పయిపోయింది."

"తప్పులే. ఎప్పుడూ తప్పే. ఒప్పుకున్యావు కదా, పోయి తిను."

ఆ రోజు అన్నం దిగిందని రాస్తే అది నిజమే అవుతుంది. దిగింది. ఆకలిగా కూడా ఉంది. దాన్ని తలచుకుంటేనే నా మీద నాకు అసహ్యం.

ఆ తర్వాత అక్క ముక్కాలిపీట మీద కూర్చోలేదు. కోపం కాదు. నాతో మామూలుగానే మాట్లాడేది, ఉప్పు తక్కువైందని తిట్టేది. తొట్టి పక్కనుంచి పోయేటప్పుడు మాత్రం చెయ్యి గోడకు ఆనించుకుని పోయేది. వానలు మొదలయ్యాక ఉంగరం చిన్నదవుతూ వచ్చింది. ఒక పొద్దున కాఫీ గ్లాసు అందుకోబోయి గాలిని పట్టుకుంది. మళ్ళీ కుప్పం పోయాం. డాక్టరు లైటు వేసి చూసి, లైటు తీసేసి, ఆమె చేతిని కాసేపు పట్టుకున్నాడు. ఈసారి నేను వదిలిపెట్టి రాలేదు. వదిలి రావడానికి అక్కడ ఆమె ఉండవలసిన పనేమీ లేదు కాబట్టి, అని కూడా చెప్పాలి.

నత్తలకు తిండి వేయడం నేను మానలేదు. ఈమధ్య ఒక పొద్దున దోమతెర విప్పి బీరకాయ ముక్క తీస్తుంటే మొక్క ఆకు అడుగున జిగురు కనిపించింది. తిప్పి చూశాను. లోపల చుక్కలు. వారానికి ఆ చుక్కల్లో కొన్ని కదిలాయి, రెండు మూడు జిగురు చీల్చుకుని ఆకు మీదికి పాకాయి. పుంగనూరు నుంచి వచ్చినవి పెట్టిన గుడ్లు ఇవి. ఇక్కడ, ఈ నీళ్ళలో పెట్టినవి, ఇక్కడే పగిలినవి. ఈ ఇంట్లో నిజంగా పుట్టినవి.

ఒక్కటి కూడా పెంచకుండా, లెక్క కూడా వేయకుండా పోయి చెప్పాను. "అక్కా, గుడ్లు పగిలినాయి. ఈసారి మనింట్లోనే పుట్టినాయి."

ఆమె మంచం మీద కూర్చుని తల దువ్వుకుంటోంది. దువ్వెన ఆపలేదు.

"నిజంగా అక్కా. వచ్చి సూడు" అన్నాను. అన్నాక నాలిక కరుచుకున్నాను.

కాసేపటికి లేచింది. నేను చెయ్యి పట్టుకుని తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి పీట మీద కూర్చోబెట్టాను. గాజు మీద వేలు పెట్టి ప్రయోజనం లేదు. చీర కొంగు తడవకుండా దోపి, ఆమె చేతిని నీళ్ళలోకి దించి, ఆ ఆకు అడుగుకు వేలి కొన తగిలించాను. ముప్పై ఆరేళ్ళు చీకట్లో బిడ్డ తల ఎటు తిరిగిందో పట్టుకున్న వేళ్ళు అవి. ఆకు అడుగున నెమ్మదిగా అటూ ఇటూ జరిగాయి. నేను ఆమె ముఖం చూస్తున్నాను.

"జిగటగా ఉండాది" అంది.

"అదే అక్కా. గుడ్లు."

"పాచి కూడా ఇట్లనే ఉంటాదిరా."

పాచి కాదని చెప్పడానికి నోరు తెరిచాను. ఏ మాటతో చెబితే ఆమె నమ్ముతుందో తోచలేదు. నా దగ్గర అట్లాంటి మాట ఒక్కటి కూడా మిగల్లేదు. ఆమె చెయ్యి బయటికి తీసి నీళ్ళు విదిలించి, నా వైపు చాచింది, తుడుచుకోవడానికి గుడ్డ ఇమ్మని.